ఏ లిల్లీ అమ్మా?

పోయిన సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మా మనవడికి అప్పటికి మూడేళ్ళు నిండి రెండు నెలలు. ఇంటి పక్క నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి "అమ్మమ్మా, దేవుడి పండు" అంటూ చెయ్యి చాపాడు. అరచేతిలో బఠాణీగింజంత ఎర్రటి పండు. ఇంకొకటి నోట్లో ఉంది, బుగ్గ కదులుతోంది.

వేలు పెట్టి తీశాను. సగం నలిగి ఉంది. నా కేకకు మా అమ్మాయి చేస్తున్న పని వదిలేసి పరుగున వచ్చింది. అక్కడ ఇలాంటి వాటికి పాయిజన్ కంట్రోల్ అని ఒక ఫోన్ నంబరు ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకుంటారు. ఆ నంబరుకు చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతల ఒకావిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. పిల్లాడి వయసెంత, బరువెంత, చురుగ్గానే ఉన్నాడా, వాంతి అయిందా అని అడిగి, చివరికి అది ఏ మొక్క అంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ మొక్క పేరు తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. "లిల్లీ" అన్నాను.

"ఏ లిల్లీ అమ్మా?"

నాకు నోట మాట రాలేదు. మే నెలలో పక్కింటావిడ నాకు పూర్తి పేరే చెప్పింది. కానీ ఆ టెన్షన్‌లో నా బుర్రలో మిగిలినవి రెండే మాటలు. ఒకటి లిల్లీ, రెండోది దేవుడి పువ్వు. ఫోన్‌లో ఉన్నావిడకు ఆ రెండింటిలో ఏదీ పనికిరాదు. ఆకులెలా ఉంటాయి, పూలెలా ఉండేవి అని ఆవిడే ఓపిగ్గా అడిగింది. తెల్లగా, చిన్న చిన్న గంటల్లా ఉండేవి అనేసరికి ఆవిడకు అర్థమైంది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీనా అంది. అవునన్నాం.

తడిగుడ్డతో నోరు తుడవమంది. కాసిని నీళ్ళు తాగించమంది. వాంతులైనా, మగతగా ఉన్నా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. సాయంత్రం వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడిగారు. వాడికి ఏమీ కాలేదు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్నాడు. నేను పడుకోలేదు. వాడి ఛాతీ మీద చెయ్యేసి తెల్లవార్లూ కూర్చున్నాను.

ఆ రాత్రి నుంచి నాకు పేర్ల మీదే ధ్యాస. వెంటనే రాద్దామనుకున్నాను గానీ అప్పుడు కోపం తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు కాస్త ఆలోచించి రాస్తున్నాను.

మే నెలలో

ఏప్రిల్ ఆఖరున అక్కడ దిగాను. మా అమ్మాయి వాళ్ళది పాత ఇల్లు. ఉత్తరం గోడకీ మేపుల్ చెట్టుకీ మధ్య ఎండ పడని జాగా ఒకటి ఉంది. ముందున్న వాళ్ళెవరో ఎప్పుడో నాటిన మొక్కలు అక్కడ నేల కనపడకుండా పరుచుకుని ఉన్నాయి. పసుపు, అల్లం లాగే నేల లోపల కొమ్ములు పాకి ఏటా కొంచెం కొంచెం ముందుకు జరుగుతాయి. మే రెండోవారానికి ఆకుల మధ్య నుంచి సన్నటి కాడలు లేచాయి. కాడకు ఒకే పక్కన వరసగా తెల్లటి గంటలు వేలాడాయి.

వంగి వాసన చూశాను. ఆ వాసన నాకు తెలుసు! మా పెళ్ళైన కొత్తలో మావారు విశాఖపట్నం నుంచి తెచ్చిన పౌడర్ డబ్బా వాసన అది. ఆ డబ్బా మీదున్న బొమ్మ ఈ పువ్వుదేనని ముప్పయ్యేళ్ళు దాటాక తెలిసింది. తమాషా ఏమిటంటే ఈ పువ్వు నుంచి మల్లెపూల నుంచి తీసినట్టు అత్తరు తియ్యడం కుదరదు. పౌడర్లలో, సబ్బుల్లో వచ్చే ఆ వాసన హైడ్రాక్సీసిట్రొనెల్లాల్ లాంటి రసాయనాలు కలిపి కట్టింది. 1956లో క్రిస్టియన్ డియోర్ వాళ్ళు తెచ్చిన డియోరిస్సిమో అనే సెంటు ఈ పువ్వు వాసనకే పేరు పొందింది. దాన్ని తయారుచేసిన ఎడ్మండ్ రుడ్నిట్‌స్కా కూడా ఈ పువ్వు వాసనను వేరే వాటితోనే కట్టుకు రావలసి వచ్చింది.

నేను అలా వంగి చూస్తుంటే కంచె అవతల నుంచి పక్కింటావిడ పేరు చెప్పింది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ. ఒళ్ళు జలదరించింది. మా ఇళ్ళల్లో ఉండే పాత తెలుగు బైబిలులో, పరమగీతం రెండో అధ్యాయం మొదటి వచనంలో "లోయలలో పుట్టు పద్మము" అని ఉంటుంది. ఇంగ్లీషు బైబిలులో లిల్లీ ఆఫ్ ద వ్యాలీస్ అని ఉన్నది దాన్నే. నేను పెరిగిన చర్చిలో ఆ మాట ప్రభువుకు పెట్టుకున్న పేర్లలో ఒకటి. సండే స్కూలు రోజుల నుంచి నా నోట్లో నానిన మాట. గోదావరి జిల్లాలో పుట్టి ఆ పువ్వును కళ్ళారా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

గుప్పెడు కోసి గ్లాసు నీళ్ళల్లో వేసి నా బైబిలు పక్కన పెట్టాను. మనవడిని ఎత్తుకుని వాసన చూపించాను. "ఇది దేవుడి పువ్వు నాన్నా" అన్నాను. వాడు ఆ పేరు పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని దేవుడి పువ్వు చూద్దాం రమ్మనేవాడు. పూలు రాలిపోయాక కూడా ఆ జాగా వాడికి దేవుడి పువ్వు జాగాయే. సెప్టెంబరులో అక్కడ ఎర్రగా పళ్ళు కనబడితే వాడికి భయం ఎందుకు వేస్తుంది?

ఆ మొక్కలో ఆకు, కాడ, పువ్వు, పండు, వేరు అన్నీ విషమే. పూలు పెట్టిన గ్లాసులో నీళ్ళు కూడా తాగకూడదు. ఆ గ్లాసు పది రోజులు మా భోజనాల బల్ల మీదే ఉంది. ఆ విషం పేరు కన్వల్లాటాక్సిన్. గుండె మీద పనిచేస్తుంది. గన్నేరులో ఉండేదీ ఇదే జాతి విషం. ఈ ముక్క ఆ రాత్రి ఫోన్‌లో చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. మా వైపు గన్నేరుపప్పు అనే మాట వినబడితే ఇంట్లో మాటలు ఆగిపోతాయి. గన్నేరు అని చెప్పి ఉంటే నేను నా మనవడిని దాని దగ్గరికి వేలు పట్టుకుని నడిపించేదాన్నా?

మన దేశానికి ఆ పువ్వు పేరు వచ్చింది, పౌడర్ డబ్బాలో వాసన వచ్చింది. విషం సంగతి ఒక్కటే రాలేదు.

సొలొమోను దేశంలో లేని పువ్వు

ఇండియాకు తిరిగొచ్చాక దీని వెనకాల పడ్డాను. తెలుసుకున్న కొద్దీ బాధా ఆశ్చర్యం రెండూ కలిగాయి.

ఈ మొక్క సొలొమోను రాజు పేరు మీదున్న పరమగీతం పుట్టిన దేశంలో అడవిలో పెరిగేదే కాదు. ఐరోపా చల్లటి అడవుల నీడలో పెరిగే మొక్క. హీబ్రూలో ఉన్న మాట షోషన్నా. అది ఏ పువ్వో పండితుల్లో ఇప్పటికీ ఒక మాట లేదు. గ్రీకులో దాన్ని క్రినోన్ అన్నారు. లాటిన్ బైబిలులో లిలియుమ్ కన్వల్లియుమ్ అయింది, అంటే లోయల లిల్లీ. ఐరోపాలో మూలికల పుస్తకాలు రాసినవాళ్ళు ఆ లాటిన్ మాటను తీసి తమ అడవిలో ఉన్న ఈ చిన్న మొక్కకు పెట్టుకున్నారు. 1753లో మొక్కలకు శాస్త్రీయనామాలు పెట్టిన లినేయస్ దాన్నే మలిచి కన్వల్లేరియా మజాలిస్ అన్నాడు. లోయదీ, మే నెలదీ అని అర్థం.

అంటే నేను ఏడేళ్ళప్పటి నుంచి వల్లించిన పువ్వూ, ఆ గోడ పక్కన ఉన్న పువ్వూ ఒకటి కావు. ఇది మింగుడు పడడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది.

దీంతోపాటు మన తెలుగు బైబిలు మీద గౌరవం పెరిగింది. అనువాదకులు లిల్లీ అని రాసి ఊరుకోవచ్చు. రాయలేదు. పరమగీతంలో పద్మము, వల్లిపద్మము అన్నారు. మత్తయి సువార్తలో ఇంగ్లీషువాళ్ళు లిల్లీలు అన్నచోట "అడవిపువ్వులు" అన్నారు. చిన్నప్పుడు నాకు పద్మము అనడం తప్పేమో, లోయలో పద్మం ఎలా పూస్తుంది, చెరువులో కదా పూసేది అనిపించేది. ఇప్పుడు చూస్తే షోషన్నా అన్న మాటకు మూలం ప్రాచీన ఈజిప్టు భాషలో సెషెన్ అని చాలామంది భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. సెషెన్ అంటే నైలు నీళ్ళల్లో పూసే కలువ! మన చర్చిల్లో సూసన్న అని పిలుచుకునే ఆడపిల్లలందరి పేరూ అక్కడి నుంచి వచ్చిందే. తెలుగులో పద్మము అన్నవాళ్ళు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, నీటిపువ్వు దగ్గరికే వెళ్ళారు.

ఇంకో సంగతి కూడా నన్ను ఆపింది. ఆ మొక్కతో తరతరాలు కలిసి బతికినవాళ్ళు దాన్ని లిల్లీ అనరు. ఫిన్లాండువాళ్ళు కియెలో అంటారు. 1967 నుంచి అది వాళ్ళ జాతీయ పుష్పం. ఫ్రెంచివాళ్ళు మ్యూగే అంటారు. మే 1న ఒకరికొకరు ఆ పూల కొమ్మ ఇచ్చుకుంటారు, ఆ ఒక్కరోజూ ఎవరైనా వీధిలో నిలబడి అమ్ముకోవచ్చు. జర్మన్ పేరుకు మే నెల చిరుగంట అని అర్థం. రష్యాలో లాండిష్, దాంతో గుండెకు చుక్కల మందు చేసుకునేవారు. వీటిలో ఏ పేరూ ఇంకో పువ్వు దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు.

కానీ ఇక్కడ నాకో అనుమానం ఉంది, దాచను. మే గంట అనే పేరులో మాత్రం విషం ఉందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయినా అక్కడివాళ్ళకు తెలుసు. వసంతంలో వాళ్ళు అడవిలో దొరికే ఒక రకం వెల్లుల్లి ఆకు కోసుకుని వండుకుంటారు. దాని ఆకూ దీని ఆకూ ఒకేలా ఉంటాయి. పొరపాటున ఇది కోసుకొచ్చి తిని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. నలిపి వాసన చూస్తే వెల్లుల్లి వాసన రావాలి. నాలుగు ఆకులు కోశాక చేతికి ఆ వాసన అంటుకునే ఉంటుంది, అప్పుడు ఆ పరీక్షా పనిచెయ్యదు. అందుకే ఏటా హెచ్చరికలు వేస్తారు. అక్కడ జాగ్రత్త అంతా మనుషుల దగ్గర ఉంది, కాబట్టి పేరు ఎలా ఉన్నా నడిచిపోతుంది. ఆ మనుషులు లేనిచోటికి మొక్క వెళ్ళినప్పుడు పేరు ఒక్కటే తోడు వెళ్తుంది. నా భయమంతా అక్కడ.

పిల్లి ఉన్న ఇల్లు

మనవడి సంగతి తెలిసి మర్నాడు పక్కింటావిడ వచ్చింది. ఆవిడకు రెండు పిల్లులున్నాయి. పూలగుత్తి ఎవరు తెచ్చినా గుమ్మంలోనే విప్పి చూస్తుందట. నిజమైన లిల్లీగానీ, డే లిల్లీగానీ ఉంటే లోపలికి రానివ్వదు. ఆ పూల పుప్పొడి ఒంటి మీద పడి పిల్లి నాక్కున్నా చాలు, రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పోతాయి. అదే పీస్ లిల్లీ అయితే నోరు మండి, చొంగ కార్చి, చాలామటుకు కోలుకుంటుంది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అయితే దెబ్బ గుండెకు. వాటిని చూసే పశువుల డాక్టరు కూడా ఫోన్ ఎత్తగానే ఏ లిల్లీ అనే అడుగుతాడని చెప్పింది.

నేను ఇంటర్‌లో బైపీసీ. అప్పట్లో లిలియేసి కుటుంబం అని ఒక పాఠం ఉండేది. దానికి ఉదాహరణ ఉల్లిపాయ. ఉల్లి, కలబంద, శతావరి, అడవినాభి అన్నీ ఆ ఒక్క గూట్లో ఉండేవి. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ కూడా. తర్వాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఆ గూడు చెదిరిపోయింది. ఉల్లి ఒక కుటుంబంలోకి, శతావరి ఇంకో కుటుంబంలోకి వెళ్ళాయి. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ ఇప్పుడు శతావరితో ఉంది. డే లిల్లీ కలబందతో ఉంది. పీస్ లిల్లీ, పూల దుకాణాల్లో కనిపించే కాలా లిల్లీ మన చేమ, కంద కుటుంబం. కంద తరిగితే చేతులు దురద పెడతాయే, అదే గుణం వాటికీ ఉంది. వాటర్ లిల్లీ మన కలువే, అది వీటన్నిటి నుంచీ ఎక్కడో దూరపు పూర్వీకుల కాలంలోనే విడిపోయింది. నిజమైన లిల్లీలు వంద రకాల దాకా ఉంటాయి. దక్షిణాదిలో వాటిని చూడాలంటే నీలగిరుల లాంటి కొండలెక్కాలి.

మనం లిల్లీ అని కిలోల లెక్కన కొనే దండపువ్వు సంగతి వేరే చెప్పాలి. కడియపులంక పూల మార్కెట్‌లోగానీ, హైదరాబాదు గుడిమల్కాపూర్‌లోగానీ లిల్లీ అంటే ఆ ఒక్కటే. దాని అసలు తెలుగు పేరు నేలసంపెంగ. మెక్సికో నుంచి వచ్చిన మొక్క. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని కిత్తనార జాతిలో చేర్చారు. దాన్ని లిల్లీ అనడం మీద నాకేమీ ఫిర్యాదు లేదు. పెళ్ళిలో దండ గుచ్చేవాళ్ళకు అది లిల్లీయే, దానివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. చుట్టరికం తప్పు చెప్పే పేరుతో నాకు గొడవ లేదు. విషాన్ని కప్పిపెట్టే పేరుతోనే గొడవ.

విషముంగలి

అక్టోబరులో ఇంటికొచ్చాక కడియం వైపు ఒక నర్సరీకి వెళ్ళాను. మా అమ్మ పెరట్లో నూతి పక్కన ఉండే మొక్క ఒకటి కావాలనిపించింది. పొడుగాటి దళసరి ఆకులు, తెల్లగా సాలీడు కాళ్ళలా విచ్చుకునే పూలు. కేసరి చెట్టు ఉందా బాబూ అన్నాను. కుర్రాడికి అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే పదుల కొద్దీ కుండీల్లో అదే ఉంది. "స్పైడర్ లిల్లీ కావాలని చెప్పండి మేడమ్" అన్నాడు.

మా అమ్మ దాన్ని కేసరి చెట్టు అని తక్కువగా అనేది. ఎక్కువగా అనేది ఇంకో పేరు. మేం ఆడుకుంటూ అటు వెళ్తే వంటింట్లోంచే అరిచేది. "ఆ గడ్డ జోలికి పోకండే, విషముంగలి అది!" పేరులోనే విషం ఉంది. అది ఎందుకు ముట్టుకోకూడదో మాకెవరూ పాఠం చెప్పలేదు, మేం అడగనూ లేదు. దాని గడ్డ తింటే వాంతులు పట్టుకుంటాయి. వెనకటి వైద్యంలో వాంతి చేయించడానికే వాడేవారు.

అదే నర్సరీలో ఇంకో వరసలో తీగ ఒకటి కర్రకు కట్టి ఉంది. పసుపు ఎరుపు కలిసి మంటలా పైకి లేచిన పూలు, ఆకు కొస మెలి తిరిగి తీగలా పట్టుకుంటుంది. చీటీ మీద గ్లోరియోసా లిల్లీ అని ఉంది. వానాకాలంలో రంపచోడవరం దారిలో పొదల్లో కనిపించేది అదే. అడవినాభి. నాభి అంటే విషం. వత్సనాభి అనే విషపు మొక్క పేరులో ఉన్న నాభి. దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, చిలగడదుంప అనుకుని తిని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఐరోపాలో వెల్లుల్లి ఆకని పొరబడి కోసుకొచ్చే ఇంకో ఆకులో ఉండేదీ ఈ కాల్చిసినే. అదే కాల్చిసిన్ కొలత ప్రకారం ఇస్తే గౌటు నొప్పులకు మందు, దానికోసం తమిళనాడులో రైతులు ఈ తీగను సాగుచేస్తారు. ఆ రాష్ట్ర పుష్పం కూడా అదే. అక్కడ దాన్ని కాందళ్ అంటారు. మనం మాత్రం అడవినాభిని కొట్టేసి లిల్లీ అని చీటీ కట్టాం.

ఆ చీటీ చూసి కొనుక్కెళ్ళేది ఎవరు? బాల్కనీలో కుండీ పెట్టుకునే చిన్న సంసారాలు. వాళ్ళకు నడవడం నేర్చే పిల్లలుంటారు. యజమానిని అడిగాను, ఇది విషం కదా, చీటీ మీద ఒక్క ముక్క రాయొచ్చు కదా అని. రాస్తే కొనరండి అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, అది అతని బతుకుతెరువు. కానీ ఆ మాటలోనే నాకు మొత్తం అర్థమైంది. లిల్లీ అంటే కొంటారు, నాభి అంటే కొనరు. అందుకే నాభి పోయి లిల్లీ వచ్చింది.

నాకే ఉన్న సందేహాలు

మా అమ్మాయి ఇవన్నీ ఫోన్‌లో విని ఒప్పుకోలేదు. "అమ్మా, వాడికి మూడేళ్ళు. ఎర్రగా కనిపిస్తే ఏదైనా నోట్లో పెట్టుకుంటాడు. పేరు చూసి తింటాడా?" అంది. నిజమే. కానీ పేరు వాడికోసం కాదు, వాడిని చూసుకునే నాకోసం. నేను విన్న పేరును బట్టే నేను వాడికి దేవుడి పువ్వు అని చెప్పాను. వాడు నన్ను నమ్మాడు.

ఇంకో మాట నా తమ్ముడు అన్నాడు. "మనం మాత్రం తక్కువ తిన్నామా అక్కా? కన్నా అనే తోటమొక్కను మెట్టతామర అంటాం. నీళ్ళ మీద తేలే ఆకును అంతరతామర అంటాం. దానికీ తామరకూ ఏం సంబంధం?" ఇదీ నిజమే. సంపెంగ, ఆకుసంపెంగ, నేలసంపెంగ మూడూ మూడు వేరు వేరు మొక్కలు. పేర్లు సాగదియ్యడం ఇంగ్లీషువాళ్ళకే చేతనైన విద్య కాదు. అయితే నాకు ఒక తేడా కనిపిస్తుంది. మెట్టతామర వల్ల ఎవరికీ హాని లేదు. విషం ఉన్నచోట మనవాళ్ళు పేరును ఎటు సాగదీశారో చూడండి. అమెరికా ఖండం నుంచి పసుపుపచ్చ పూల చెట్టు ఒకటి వచ్చింది. దానికి ఏ మల్లె పేరో సంపెంగ పేరో పెట్టొచ్చు, పువ్వు అంత అందంగానే ఉంటుంది. పెట్టలేదు. పచ్చగన్నేరు అన్నారు. కొత్తగా వచ్చిన చెట్టు కాయ ఏం చేస్తుందో పేరుతో చెప్పేశారు.

ఈ వాదన అన్నిచోట్లా నిలబడదని నాకు తెలుసు. దేవగన్నేరు ఉంది. పాలు కారితే చర్మం మండొచ్చు గానీ గన్నేరంత ప్రమాదం కాదు. పైగా దేవ అని ముందు చేర్చారు, నేను చేసిన పనే.

అన్నిటికన్నా నన్ను కుదిపింది వేరే సంగతి. మా వీధిలో బీటెక్ చదివే అమ్మాయి ఒకతె ఉంది. అడవినాభి అంటే నీకేం అర్థమైంది అని అడిగాను. "నాభి అంటే బొడ్డు కదా ఆంటీ? పువ్వు మధ్యలో బొడ్డులా ఉంటుందా?" అంది. ఇంకేం చెప్పను. హెచ్చరిక పేరులోనే ఉంది, ఆ హెచ్చరిక ఉన్న మాటే మనకు అర్థం కాకుండా పోయింది. రేపు నర్సరీలన్నీ అడవినాభి అని పెద్దక్షరాలతో రాసినా ఆ అమ్మాయి బాల్కనీలో అది బొడ్డుపువ్వుగానే పెరుగుతుంది. అందుకని పాత పేర్లు తిరిగి రాస్తే చాలు అని నేను అనలేను.

శాస్త్రీయనామం రాస్తే సరిపోతుందా? అదీ మారుతూనే ఉంటుంది. నేలసంపెంగను నేను చదువుకునే రోజుల్లో పాలియాంథెస్ అనేవారు, ఇప్పుడు అగేవ్ అంటున్నారు. కాకపోతే పాత పేరు చెప్పినా కొత్త పేరు దగ్గరికి దారి ఉంటుంది, డాక్టరు పట్టుకోగలడు. లిల్లీ అంటే ఏ దారీ లేదు. కాబట్టి చీటీ మీద మూడు ఉండాలంటాను. మన పేరు ఒకటి, లాటిన్ పేరు ఒకటి, తినకూడనిదైతే విషం అన్న మాట ఒకటి. లిల్లీ అని కూడా రాసుకోండి, అమ్ముకోవడానికి. దాన్ని చెరిపెయ్యమని నేను అడగడం లేదు. నా చిన్నప్పటి స్నేహితురాలి పేరే లిల్లీ, ఆ పేరు మీద నాకున్న ప్రేమ ఎక్కడికీ పోదు.

ఆ నర్సరీ నుంచి కేసరి చెట్టు కొనుక్కొచ్చాను. కుండీకి తెల్లరంగు వేసి, నల్లరంగుతో విషముంగలి అని రాశాను. కింద క్రైనమ్ ఏషియాటికమ్ అని రాశాను. మా ఇంటికొచ్చిన పిల్లలు అది చదివి నాలుగడుగులు దూరం నుంచి చూస్తున్నారు.

న్యూజెర్సీలో ఆ జాగా తవ్వించెయ్యాలా వద్దా అని మా అమ్మాయీ అల్లుడుగారూ ఇంకా అనుకుంటూనే ఉన్నారు. తవ్వినా చిన్న ముక్క మిగిలితే మళ్ళీ వస్తుంది. పోయిన వారం వీడియో కాల్‌లో మనవడు ఫోన్ పట్టుకుని ఇంటి ఉత్తరం వైపు పరుగెత్తాడు. నేల లోంచి మేకుల్లా మొలకలు లేచి ఉన్నాయి. ఆ రోజు నేను వాడి నోట్లోంచి పండు తీస్తూ ఛీ, ఛీ, ఊసెయ్ అని అరిచానట, నాకు గుర్తు లేదు. వాడికి గుర్తుంది. కాస్త దూరంలోనే ఆగి, "అమ్మమ్మా, ఛీ పువ్వు మళ్ళీ వచ్చింది" అన్నాడు.